ఎయిర్ రైఫిల్ పట్టుకోబోతున్నారా? ముందు దించడం నేర్చుకోండి

మా తాతగారిది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. ఆయన చిన్నప్పుడు ఆ ఊళ్లో ఒక రైతు దగ్గర లైసెన్సున్న పాత తుపాకి ఉండేదట, చేలో పడే అడవి పందుల్ని బెదరగొట్టడానికి. గొట్టం మూతిలోంచి మందు పోసి, పైన పీచు కుక్కి, పొడుగాటి కడ్డీతో దట్టించి, గుండు వేసి మళ్లీ దట్టించే రకం. తుపాకి "దట్టించడం" అన్న మాట ఆ రకం తుపాకులకే అతికినట్టు సరిపోతుంది. తాతయ్య ఆ రైతు గురించి ఒక సంగతి పదే పదే చెప్పేవాడు. మందు పోసే ముందు ప్రతిసారీ ఆయన ఆ కడ్డీని గొట్టంలోకి జారవిడిచి, బయట ఎంత మిగిలిందో చూసేవాడట. అడుగుదాకా దిగితే ఖాళీ, నాలుగు వేళ్ల మేర పైకి నిలబడితే లోపల పాత మందు ఉన్నట్టు. నిన్న సాయంత్రం తన చేత్తోనే పేల్చి ఖాళీ చేసి గోడకి తగిలించిన తుపాకి అయినా సరే, పొద్దున్నే కడ్డీ వేసి చూడాల్సిందే.

నేను కాల్చేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. మందు లేదు, పొగ లేదు, గాలితో నడుస్తుంది. మూడేళ్ల క్రితం మొదటిరోజు కోచ్ సార్ నా చేతికి నారింజ రంగు ప్లాస్టిక్ తీగ ఒకటి ఇచ్చి, "ఇది బ్యారెల్‌లో ఈ చివర్నుంచి దూరి ఆ చివర బయటికి కనిపిస్తేనే రైఫిల్ ఖాళీ అని నేను నమ్ముతాను మేడమ్" అన్నప్పుడు నాకు వెంటనే తాతయ్య చెప్పిన ఆ కడ్డీ గుర్తొచ్చింది. దాన్ని సేఫ్టీ ఫ్లాగ్ అంటారు. ఆ రోజు ఆయన నాతో ఒక్క షాట్ కూడా కాల్పించలేదు. గంటన్నర సేపు రైఫిల్ తెరవడం, చూడటం, తీగ దూర్చడం, ఎత్తడం, కాల్చకుండా దించడం, ఇంతే. అప్పుడు కొంచెం విసుగనిపించింది కానీ ఇప్పుడు కొత్తగా ఎవరొచ్చినా నేను చెప్పేది కూడా అదే, ఎక్కించడం కంటే ముందు దించడం రావాలి.

నేను అసలు మా అమ్మాయిని షూటింగ్ రేంజ్‌లో దింపడానికి వెళ్లేదాన్ని. పటమట నుంచి స్కూటీ మీద తీసుకెళ్లి, రెండు గంటలు బెంచీ మీద కూర్చుని, మళ్లీ తీసుకొచ్చేదాన్ని. నాలుగు నెలలు చూశాక నాకూ పట్టుకోవాలనిపించింది, అప్పటికి నాకు 39 ఏళ్లు. మన బెజవాడలో గురి అనగానే అందరికీ విల్లే గుర్తొస్తుంది, అర్జునుడు తపస్సు చేశాడని చెప్పుకునే ఇంద్రకీలాద్రి ఉన్న ఊరు, పైగా జ్యోతి సురేఖ లాంటి అమ్మాయి ఇక్కడి నుంచి వెళ్లి హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. రైఫిల్ గురించి అడిగేవాళ్లు తక్కువ, అడిగినా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోతారు. గుంటూరులో ఉన్న మా పిన్ని కొడుకు ఈ మధ్య అలాగే ఫోన్ చేసి గంట అడిగాడు. వాడికి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆట ఏంటో చూడండి. 10 మీటర్ల దూరంలో, నేల నుంచి సుమారు 1.4 మీటర్ల ఎత్తులో టార్గెట్ ఉంటుంది. అందులో నల్లటి గుండ్రం 30.5 మిల్లీమీటర్లు, అంటే మన పది రూపాయల బిళ్ల కంటే ఇసుమంత పెద్దది. దాని మధ్యలో "పది" అనే చుక్క అర మిల్లీమీటరు, పెన్నుతో ఒక చుక్క పెడితే ఎంతుంటుందో అంత. ఇది చదవగానే చాలామందికి గుండె జారిపోతుంది, నాకూ జారింది. కానీ పెల్లెట్ (ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న సీసపు గుండు) మందం నాలుగున్నర మిల్లీమీటర్లు, దాని అంచు ఆ చుక్కని తాకినా పదే ఇస్తారు. లెక్క వేస్తే పెల్లెట్ మధ్యభాగం అటూ ఇటూ రెండున్నర మిల్లీమీటర్ల లోపు పడితే చాలు. పోటీలో నిలబడి 60 షాట్లు కాల్చాలి, ఎలక్ట్రానిక్ టార్గెట్లయితే గంటా పావు టైమ్. ఒక్కో షాట్‌కి ఎక్కువలో ఎక్కువ 10.9 పాయింట్లు.

రైఫిల్ కొనడం గురించి ఒక మాట, ఎందుకంటే అందరూ మొదట అడిగేది ఇదే. మొదటి ఆరు నెలలు కొనకండి. రేంజ్‌లో క్లబ్ రైఫిళ్లు ఉంటాయి, వాటితోనే నేర్చుకోండి. పోటీల్లో వాడే మ్యాచ్ రైఫిల్ మీ మెడ పొడవుకీ భుజానికీ చేతికీ తగ్గట్టు సర్దుకోవాల్సిన వస్తువు, మీ ఒంటి తీరు మీకే తెలియకముందు లక్షలు పోసి జర్మన్ రైఫిల్ తెచ్చుకుంటే దాన్ని ఎలా సర్దాలో తెలియక దానికి తగ్గట్టు మీరే వంకరపోతారు. చట్టం సంగతి కూడా చెప్పాలి. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు, ఆ హద్దు దాటితే కావాలి. కొనేటప్పుడు ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఇవ్వండి, బిల్లు జాగ్రత్తగా దాచండి, రైఫిల్‌ని బయటికి తీసుకెళ్లినప్పుడల్లా పెట్టెలోనే పెట్టి, బిల్లు కాపీ ఆ పెట్టెలోనే ఉంచండి. నడిరోడ్డు మీద పోలీసులకి అది గాలి తుపాకి అని దూరం నుంచి తెలియదు కదా.

లైసెన్స్ అక్కర్లేదు కాబట్టి బొమ్మ తుపాకి అనుకునేవాళ్లని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. పోటీల్లో వాడే రైఫిల్ పెల్లెట్ బరువు అర గ్రాము, వేగం సెకనుకి 170 మీటర్ల దాకా ఉంటుంది, శక్తి లెక్కేస్తే ఏడున్నర జౌల్స్ చుట్టుపక్కల. ఇంత తక్కువ శక్తిది కూడా కంటికి తగిలితే కన్ను పోతుంది. మేడ మీదికి వచ్చే కోతుల్ని, పావురాల్ని, వీధి కుక్కల్ని కొట్టడానికి ఎయిర్ గన్ కావాలని అడిగేవాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరున్నారు. మూగజీవాల్ని కొట్టడం నేరం, దానికి చట్టాలున్నాయి, అసలు చట్టం దాకా వెళ్లకముందే అది చేయకూడని పని. అందుకోసం ఈ ఆటలోకి రావాలనుకునేవాళ్లు దయచేసి రావద్దు.

ఇప్పుడు చేతిలోకి తీసుకుందాం. బల్ల మీద రైఫిల్ ఉంటుంది, మూతి టార్గెట్ వైపు, తీగ దూర్చి ఉంటుంది, పెల్లెట్ పెట్టే చోటుని తెరిచి మూసే పిడి, అంటే లివర్, తెరిచి ఉంటుంది. ఎవరిచ్చినా, ఎన్నిసార్లిచ్చినా మీరు మీ కళ్లతో లోపల చూడాలి. "ఖాళీనే అండీ" అన్న మాట నమ్మకండి, అన్నది కోచ్ అయినా సరే, ఆయన కూడా మిమ్మల్ని చూడమనే అంటాడు. మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే. ఎవరో పిలిచారని రైఫిల్ చేతిలో పెట్టుకుని వెనక్కి తిరగకూడదు, ముందు బల్ల మీద పెట్టి అప్పుడు తిరగాలి. గురి చూసేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లకూడదు, పక్కన చెక్క మీద చాపి ఉంచాలి. కాల్చే లైన్ దాటి ముందుకి మనిషి వెళ్తే ఎవరూ రైఫిల్ ముట్టుకోకూడదు, సైట్ (రైఫిల్ మీద గురి చూసే సాధనం) తిప్పడానికి కూడా. ఈ నాలుగూ వారంలో నోటికి వచ్చేస్తాయి, చేతికి రావడానికి మాత్రం నెలలు పడుతుంది, ఆ నెలలు ఓపిక పట్టాలి.

లోడ్ చేయడం చూడటానికి చాలా తేలిక, అందుకే పొరపాట్లు కూడా అక్కడే జరుగుతాయి. పెల్లెట్‌ని దగ్గరగా చూస్తే బుల్లి డమరుకంలా ఉంటుంది, నడుము సన్నం, రెండు వైపులా వెడల్పు. ఒక వైపు చదునుగా మూసి ఉంటుంది, రెండో వైపు గుల్లగా, పావడా అంచులా పల్చగా ఉంటుంది. చదును వైపు ముందుకి, గుల్ల వైపు మీ వైపుకి. వెనక నుంచి గాలి తోసినప్పుడు ఆ పల్చటి అంచు విచ్చుకుని బ్యారెల్ లోపలి మెలి తిరిగిన గాడుల్ని పట్టుకుంటుంది, దాంతో పెల్లెట్ తిరుగుతూ పోతుంది. ముందు చదునుగా ఉండటం వల్ల కాగితానికి గుండ్రంగా చక్కటి చిల్లు పడుతుంది. డబ్బాలో 500 ఉంటాయి. అంచు నొక్కుకుపోయినవి, కింద పడినవి వాడకండి, నేను వాటిని వేరే చిన్న డబ్బీలో వేసి కోచ్‌కి ఇచ్చేస్తాను. ఒక్కటే తీసి, లివర్ కింద ఉన్న గాడిలో బొటనవేలితో మెల్లగా ముందుకి జరపాలి, అడ్డం తిరిగితే లివర్‌తో బలంగా నొక్కి సరిచేయొద్దు, తీసి మళ్లీ పెట్టాలి. లివర్ మూసేటప్పుడు మెత్తగా వెళ్లాలి. ఎక్కడైనా పట్టినట్టు అనిపిస్తే ఆగిపోండి, చేయి ఎత్తి సార్‌ని పిలవండి.

బ్యారెల్‌ని కిందికి వంచి లోపలి స్ప్రింగ్ బిగించే రకం ఎయిర్ గన్‌తో మొదలుపెట్టేవాళ్లుంటే ఒక్క జాగ్రత్త తప్పనిసరి. పెల్లెట్ పెట్టినంతసేపూ ఇంకో చేత్తో బ్యారెల్‌ని గట్టిగా పట్టుకోండి, పట్టు జారితే అది విసురుగా పైకి లేచి వేళ్లు నలిపేస్తుంది. పెల్లెట్ లేకుండా ఉత్తినే కాల్చొద్దు కూడా, లోపలి పిస్టన్‌కి ఎదురుగా గాలి అడ్డు లేక వెళ్లి దెబ్బతింటుంది.

నా పొరపాటు ఒకటి చెప్తాను. మొదలుపెట్టిన నాలుగో నెల, మే నెల మధ్యాహ్నం. పెల్లెట్ పెట్టి లివర్ మూశాను, రైఫిల్ ఎత్తబోతుండగా కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, టార్గెట్ల దగ్గర లైట్లు ఆరిపోయాయి, ఒళ్లంతా చెమట. షూటింగ్ జాకెట్ గుండీలు విప్పుకుని రైఫిల్ బల్ల మీద పెట్టి నీళ్ల సీసా కోసం బ్యాగ్ వైపు వెళ్లాను. పది నిమిషాలకి కరెంటు వచ్చింది. వచ్చి మళ్లీ లివర్ తెరిచి, ఇంకో పెల్లెట్ పెట్టి మూశాను. ఈసారి లివర్ దగ్గర కొంచెం బిగుతుగా అనిపించింది, అయినా మూసేశాను. కాల్చితే చప్పుడు తేడాగా వచ్చింది, టార్గెట్ మీద రెండు చిల్లులు, ఒకటి చాలా కిందికి. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ పది నిమిషాల చీకట్లో లోడైన రైఫిల్ ఒకటి ఎవరూ కాపలా లేకుండా బల్ల మీద ఉంది, పక్క లేన్‌లో మా అమ్మాయి వయసు పిల్లలు ఉన్నారు. సార్ నన్ను కోప్పడలేదు. "చేతిలోంచి వదిలే ప్రతిసారీ ఖాళీ చేసి వదలాలి, కారణం కరెంటైనా భూకంపమైనా" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. అప్పటి నుంచి నా పద్ధతి ఏంటంటే, లోడ్ చేశాక ఏ కారణం వల్ల ఆగినా ముందు చేయి ఎత్తుతాను, అనుమతి తీసుకుని టార్గెట్ వైపే కాల్చి ఖాళీ చేస్తాను, లివర్ తెరుస్తాను, తీగ దూరుస్తాను, అప్పుడే నీళ్లు. ఇంకోటి, పెల్లెట్లు పది పదిగా చిన్న గిన్నెలో లెక్కపెట్టి పెట్టుకుంటాను. అనుమానం వస్తే గిన్నె చెప్తుంది.

మ్యాచ్ రైఫిళ్లలో బ్యారెల్ కింద సిలిండర్ ఉంటుంది, అందులో సాధారణంగా 200 బార్ దాకా గాలి నింపుతారు. కారు టైర్‌లో ఉండేది రెండు బార్ల పైచిలుకు, దాంతో పోల్చుకోండి. దాని మీద తయారైన సంవత్సరం చెక్కి ఉంటుంది, తయారీదారు ఇచ్చిన గడువు (చాలావాటికి పదేళ్లు) దాటిన సిలిండర్ వాడకూడదు, పాత రైఫిల్ చవగ్గా వస్తుంటే మొదట చూడాల్సింది ఆ సంవత్సరమే. నింపడం కోచ్ పని, మీరు నేర్చుకునేదాకా దాని జోలికి వెళ్లకండి. ఇంట్లో ఉన్న కుట్టుమిషన్ నూనె లాంటివి దాని బిగింపు మరల దగ్గర అస్సలు వేయొద్దు, అంత ఒత్తిడి గాలిలో నూనె మండే ప్రమాదం ఉంది.

నిలబడటం దగ్గరే నాకు ఎక్కువ రోజులు పట్టింది. ఇది కుడిచేతి వాటం వాళ్లకి చెప్తున్నాను, ఎడమవాళ్లు తిప్పుకోండి. ఎడమ పక్క టార్గెట్ వైపు ఉండేలా అడ్డంగా నిలబడాలి, పాదాల మధ్య భుజాలంత దూరం. ఎడమ మోచేయి తెచ్చి ఎడమ తుంటి ఎముక మీద ఆనించాలి, అక్కడ ఆనాలంటే నడుము కొంచెం ముందుకి నెట్టి పై భాగం వెనక్కి వాలాలి. బిందె చంకనెత్తుకున్న ఆడవాళ్లు నడుము ఎలా పక్కకి పెడతారో చూశారా, బరువు చేతి మీద కాకుండా తుంటి మీద ఉంటుంది, సరిగ్గా అదే. రైఫిల్ బరువు నాలుగైదు కిలోలు, నియమం ప్రకారం ఐదున్నరకి మించకూడదు, ఆ బరువుని కండ మోస్తే నిమిషంలో వణుకుతుంది, ఎముక మోస్తే గంట నిలబడుతుంది. తల నిటారుగా ఉండాలి, చెంప మీదికి చెక్క రావాలి కానీ చెక్క మీదికి మీరు వంగకూడదు. నడుము నొప్పి ఉన్నవాళ్లు మొదటి రోజే కోచ్‌కి చెప్పండి, దాచొద్దు, ఆ వాలు వెన్నుపూస మీద పడుతుంది. మొదటి వారాలు రైఫిల్ ముందు భాగాన్ని స్టాండ్ మీద ఆనించి కాల్పిస్తారు, అది చిన్నతనం అనుకోవద్దు, గురీ ట్రిగ్గరూ నేర్చుకోవడానికి అదే దారి.

నిలబడ్డాక ఒక పరీక్ష ఉంది, ప్రతిసారీ చేయండి. రైఫిల్ ఎత్తి, కళ్లు మూసుకుని, రెండు సార్లు ఊపిరి పీల్చి వదిలి, ఒళ్లు వదులు చేసి, కళ్లు తెరవండి. సైట్ టార్గెట్ మీద ఉంటే సరే. కుడికో ఎడమకో ఉంటే చేత్తో లాగి తేవొద్దు, వెనక పాదాన్ని కొద్దిగా జరపండి, ఒళ్లంతా తిరగాలి. చేత్తో లాగితే ట్రిగ్గర్ నొక్కే క్షణంలో ఒళ్లు తన చోటికి తాను వెళ్లిపోతుంది, పెల్లెట్ కూడా అటే పోతుంది. మా అమ్మాయి ఈ ఒక్క అలవాటుతో నెలలోనే నన్ను దాటిపోయింది, నేను మాత్రం చాలాకాలం చేత్తో లాగుతూనే ఉన్నాను.

చెట్టు మీద పక్షి కన్ను తప్ప ఇంకేమీ కనిపించలేదన్న అర్జునుడి కథ చిన్నప్పటి నుంచి విని వస్తాం కదా, రైఫిల్ దగ్గరికి వచ్చాక ఆ కథని కొంచెం పక్కన పెట్టాలి. వెనక సైట్‌లో సూది బెజ్జం లాంటి చిల్లు, దాంట్లోంచి చూస్తే ముందు సైట్ గొట్టం, దాంట్లో ఒక సన్నటి రింగ్, ఆ రింగ్ మధ్యలో నల్లటి టార్గెట్. ఒకదానిలో ఒకటి గుండ్రాలు. మన కన్ను ఒకేసారి దగ్గరా దూరం రెండూ స్పష్టంగా చూడలేదు, అందుకని ముందు సైట్ రింగ్ స్పష్టంగా ఉండాలి, టార్గెట్ కొంచెం మసకగా ఉన్నా పర్వాలేదు. రింగ్‌కీ నలుపుకీ మధ్య తెల్లటి సందు చుట్టూ సమానంగా ఉందా లేదా అన్నదే చూడాలి. కొత్తలో పెద్ద రింగ్ పెట్టించుకోండి. చిన్న రింగ్ పెడితే ప్రతి చిన్న కదలికా భూతద్దంలో చూసినట్టు కనిపించి టెన్షన్ పెరుగుతుంది. ఎడమ కన్ను మూయొద్దు, మూస్తే ముఖం కండరాలన్నీ బిగుసుకుంటాయి, ఆ కంటికి అడ్డంగా చిన్న తెల్లటి పట్టీ పెట్టుకోండి. కళ్లజోడు ఉన్నవాళ్లు దాన్ని వదిలేసి ప్రయత్నించొద్దు.

ఇక కాల్చడం. రైఫిల్ ఎత్తి, ఊపిరి తీసుకుని, మామూలుగా వదిలి, వదిలిన చివర సహజంగా వచ్చే ఆ చిన్న విరామంలో ఆగాలి. గుండెల నిండా పీల్చి బిగబట్టడం తప్పు. ట్రిగ్గర్‌కి రెండు మెట్లుంటాయి, మొదటిది వదులుగా వస్తుంది, అక్కడ చిన్న అడ్డు తగులుతుంది, దానికి ఆనించి ఉంచి, రింగ్ నిలకడగా కనిపించేటప్పుడు వేలి కొసతో తిన్నగా వెనక్కి ఒత్తిడి పెంచాలి. రింగ్ పూర్తిగా ఆగిపోదు. ఎవరికీ ఆగదు. అది కదులుతూ మధ్య చుట్టూ తిరుగుతుంటుంది, "ఇదిగో ఇప్పుడే మధ్యలో ఉంది" అని గబుక్కున నొక్కితే ఆ గబుక్కే పెల్లెట్‌ని తొమ్మిదికో ఎనిమిదికో తోస్తుంది.

ఐదారు సెకన్లు, మహా అయితే ఎనిమిది. అప్పటికీ పేలకపోతే వేలు తీసి, రైఫిల్ దించి, ఊపిరి పీల్చి మళ్లీ ఎత్తండి. కొత్తవాళ్లు ఇది చేయలేరు. ఎత్తాక దించడమంటే ఓడిపోయినట్టు అనిపిస్తుంది, చేయి వణుకుతున్నా, కన్ను మసకబారుతున్నా, ఎలాగోలా వదిలేస్తారు. నా నోట్‌బుక్‌లో మొదటి ఏడాది పాడైన షాట్లు చూస్తే సగానికి పైగా అవే, దించాల్సింది దించకుండా కాల్చినవి. కొన్నాళ్లు ఒక పద్ధతి పాటించండి, ప్రతి ఐదోసారి ఎత్తినప్పుడు గురి ఎంత బాగా కుదిరినా కాల్చకుండా దించేయండి. లోడ్ చేసి ఉన్నా మూతి టార్గెట్ వైపే ఉంచి, బట్‌ని (రైఫిల్ వెనక భాగాన్ని) బల్లకి ఆనించి, వేలు బయట పెట్టి, ఒక నిమిషం ఆగండి. నాకు దీనివల్లే మార్పు వచ్చింది. 2008 ఆగస్టులో బీజింగ్‌లో అభినవ్ బింద్రా చివరి షాట్ 10.8 కొట్టి మన దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ బంగారం తెచ్చాడు, 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ ఇదే ఆటలో కాంస్యం తెచ్చాడు. వాళ్ల పాత వీడియోలు చూసేటప్పుడు స్కోరు చూడకండి, రైఫిల్ ఎత్తడానికీ పేలడానికీ మధ్య ఏం జరుగుతోందో, పేలాక ఎంతసేపు కదలకుండా ఉన్నారో చూడండి.

పేలాక రెండు సెకన్లు అలాగే ఉండాలి. పెల్లెట్ బ్యారెల్ దాటడానికి కొంత సమయం పడుతుంది, ఆ లోపు తల ఎత్తి "పది పడిందా" అని చూస్తే పడదు. ఆ రెండు సెకన్లలోనే, స్కోరు చూపే స్క్రీన్ చూడకముందే, ఎక్కడ పడిందో మనసులో చెప్పుకోండి, కుడివైపు తొమ్మిది అనో, పైన పది అనో. చెప్పినదీ పడినదీ కలుస్తుంటే మీరు నిజంగా రింగ్ చూస్తున్నట్టు. కలవకపోతే పేలే క్షణంలో రెప్ప వేస్తున్నారు, లేదా టార్గెట్ చూస్తున్నారు.

సైట్ తిప్పడానికి తొందరపడొద్దు. ఐదు షాట్లు కాల్చి, ఐదూ ఒకచోట గుమిగూడాయా లేదా చూడండి. ఒకచోట చేరి మొత్తంగా పక్కకి ఉంటే అప్పుడు సైట్ తిప్పాలి, చెల్లాచెదురుగా ఉంటే సైట్ తప్పు కాదు, నిలబడటంలోనో ట్రిగ్గర్‌లోనో ఉంది. జర్మన్ సైట్ల మీద పైకీ కిందికీ హెచ్, టి అనీ, కుడి ఎడమలకి ఆర్, ఎల్ అనీ ఉంటాయి. రెండు క్లిక్కులు తిప్పి, ఐదు కాల్చి, ఎటు ఎంత జరిగిందో మీ నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకోండి, పోటీ రోజు టెన్షన్‌లో అదే ఆదుకుంటుంది.

ఇంట్లో కూడా సాధన చేయొచ్చు, పెల్లెట్ లేకుండా. మ్యాచ్ రైఫిళ్లలో ఉత్తినే ట్రిగ్గర్ నొక్కుకునే ఏర్పాటు ఉంటుంది. మన ఫ్లాట్లలో పది మీటర్ల హాలు ఎక్కడుంటుంది, అందుకని ఐదు మీటర్ల దూరంలో గోడకి 15 మిల్లీమీటర్ల నల్ల చుక్క అతికించండి, కంటికి అదే సైజులో కనిపిస్తుంది. ఖాళీ అని చూశాక, పెల్లెట్ల డబ్బా వేరే గదిలో పెట్టి తలుపు వేశాకే మొదలుపెట్టండి. రైఫిల్ లేనివాళ్లు అదే బరువున్న చెక్కతో నిలబడటం సాధన చేసినా పనికొస్తుంది. రోజూ ఇరవై నిమిషాలు, వారానికి ఐదు రోజులు. ఆదివారం మూడు గంటలు కాల్చేవాళ్ల కంటే ఇలా చేసేవాళ్లు ముందుకెళ్లడం నేను కళ్లారా చూశాను. డాబా మీదో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో మాత్రం పెల్లెట్‌తో కాల్చొద్దు.

మన ఊరి ఎండ గురించి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. షూటింగ్ జాకెట్, ప్యాంటు మందపాటి కాన్వాస్‌తో, తోలుతో చేస్తారు, మే నెలలో విజయవాడలో అది వేసుకుని నిలబడితే అరగంటలో లోపలి బనియను పిండుకోవచ్చు. పొద్దున ఆరింటికి రేంజ్ తెరిచేట్టయితే అప్పుడే వెళ్లండి. లోపల పలుచటి నూలు టీషర్ట్, మజ్జిగ సీసా, రెండు తువ్వాళ్లు. ఇంటికి రాగానే జాకెట్‌ని బ్యాగ్‌లోనే వదిలేస్తే రెండు రోజుల్లో బూజు పడుతుంది, వెడల్పాటి హ్యాంగర్‌కి వేసి ఫ్యాన్ కింద నీడలో ఆరబెట్టాలి, ఎండలో వేస్తే తోలు బిరుసెక్కుతుంది. వానాకాలం తేమకి బ్యారెల్ పైన వేలిముద్రలున్న చోటే తుప్పు మొదలవుతుంది, పెట్టెలో పెట్టేముందు పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. అయితే జాకెట్ కూడా మొదటి నెలల్లోనే కొనక్కర్లేదు, కొంటే మీ కొలతకి కుట్టించుకున్నదే కొనండి, పిల్లలకైతే ఏడాదికే బిగుతవుతుందని గుర్తుంచుకోండి.

పోటీల గురించి పిల్లల తల్లిదండ్రులు మూడో వారంలోనే అడుగుతారు. జిల్లా, రాష్ట్రం, ఆ పైన జాతీయ స్థాయి, ఒక్కో మెట్టుకీ కావలసిన స్కోరు ఉంటుంది, అన్నీ 1951లో పుట్టిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా నియమాల ప్రకారం జరుగుతాయి. ఖరీదైన పీప్ సైట్ (చిల్లులోంచి చూసే వెనక సైట్) అక్కర్లేని ఓపెన్ సైట్ విభాగం కూడా ఉంది, కొత్తవాళ్లకి అది మంచి మొదలు. కానీ కదలకుండా నిలబడి వంద సార్లు రైఫిల్ ఎత్తి దించగలిగాక పోటీ గురించి ఆలోచించండి, అంతకు ముందు తీసుకెళ్తే పిల్లాడు స్క్రీన్ మీద అంకెలు చూసి బెంగపడి మానేస్తాడు. అలా మానేసిన పిల్లలు మా రేంజ్‌లోనే నలుగురైదుగురున్నారు.

సెషన్ అయిపోయాక గిన్నెలో పెల్లెట్లు లెక్క చూసుకుని, లివర్ తెరిచి, తీగ దూర్చి, ఆ చివర బయటికొచ్చిందని పక్కనున్నవాళ్లకి చూపించి పెట్టె మూయండి. మా అమ్మాయి నాది చూస్తుంది, నేను దానిది చూస్తాను. తర్వాత చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోండి, పిల్లలతో దగ్గరుండి కడిగించండి. పెల్లెట్ అంటే సీసం, రెండు గంటలు వేళ్లతో ముట్టుకుంటూ ఉన్నాం, పిల్లలు కొందరు పెల్లెట్లు నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటే తీస్తుంటారు కూడా, అది చూస్తే వెంటనే ఆపండి. రేంజ్ బయట మలుపులో పునుగుల బండి ఉంటుంది, అల్లం చట్నీతో, వేడి వేడిగా. కుళాయి దగ్గరికి వెళ్లకుండా ఆ బండి దగ్గరికి వెళ్లనివ్వను మా అమ్మాయిని, ఎంత ఆకలేసినా.